ట్రాన్స్ మహిళలకు కార్సెట్: కొలత తీయడం నుంచి చీర కట్టేదాకా

పక్కటెముకల దగ్గర నుంచి తొడల దాకా ఒంపు లేకుండా తిన్నగా దిగిపోయే ఒళ్లు. చుడీదార్ వేసుకున్నా, చీర కట్టినా అదే ముందు కంట పడుతుంది. హార్మోన్లు పనిచేయడానికి ఏళ్లు పడుతుంది, ఈలోగా ఏం చేయాలన్న ప్రశ్నకు చాలామందికి దొరికే మొదటి జవాబు కార్సెట్: స్టీలు పట్టీలు కుట్టి, వెనక లేసుతో బిగించి నడుమును సన్నగా చూపించే లోపలి బట్ట. సరైన కొలతతో, సరైన బిగువుతో వాడితే అది మంచి సాధనమే. పంతానికి పోయి బిగిస్తే ఊపిరి, జీర్ణం, నరాలు, చర్మం అన్నీ ఇబ్బంది పడతాయి.

ముందుగా ఒక లెక్క. కంటికి ఆనేది నడుముకీ తుంటికీ మధ్య ఉన్న తేడా. ఉదాహరణకు నడుము 34 అంగుళాలు, తుంటి 36 అనుకుందాం. నడుమును తుంటితో భాగిస్తే 0.94. కార్సెట్‌తో నడుమును 3 అంగుళాలు తగ్గిస్తే లోపల 31, గుడ్డ మందం కలిపి పైన 32. తుంటికి రెండు వైపులా అంగుళం మందం ప్యాడ్లు పెడితే చుట్టుకొలత 39 దాకా వస్తుంది. 32ని 39తో భాగిస్తే 0.82. ప్యాడ్లు లేకుండా ఇదే ఆకారం రావాలంటే నడుమును ఐదున్నర అంగుళాలు నొక్కాలి. మొదటి పద్ధతిలో హాయిగా మాట్లాడుతూ తిరగొచ్చు. రెండో పద్ధతిలో మెట్లెక్కడమే కష్టం. అందుకే మేం చెప్పేది ఒకటే: నడుము దగ్గర తక్కువ తీయండి, తుంటి దగ్గర ఎక్కువ కలపండి.

ఏం ఆశించాలి, ఎవరు ఆగాలి

కార్సెట్ పొట్ట పక్కల మెత్తని భాగాన్ని, ముందువైపు దేనికీ అతుక్కోని చివరి రెండు జతల పక్కటెముకలను (11, 12) కొద్దిగా లోపలికి నొక్కి ఉంచుతుంది. విప్పాక ఒళ్లు మళ్లీ తన ఆకారానికి వస్తుంది. కొవ్వు కరగదు. ఎదుగుదల పూర్తయిన పెద్దవాళ్లలో తుంటి ఎముక వెడల్పు కార్సెట్‌తోనూ మారదు, హార్మోన్లతోనూ మారదు.

హెర్నియా, తరచూ ఛాతీలో మంట, ఆస్తమా, గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, వెన్ను సమస్య, గతంలో రక్తం గడ్డకట్టిన చరిత్ర, ఈమధ్యే జరిగిన ఆపరేషన్: వీటిలో ఏది ఉన్నా డాక్టరును అడక్కుండా మొదలుపెట్టొద్దు. హార్మోన్లు రాసే డాక్టరుకు కార్సెట్ సంగతి చెప్పడానికి మొహమాటం అక్కర్లేదు. వాళ్లకు తెలియాల్సిన విషయమే ఇది.

కొలతలు

బట్టలు కుట్టే మామూలు టేపు చాలు. ఉదయం ఏమీ తినకముందు, నిటారుగా నిలబడి, పొట్ట లోపలికి లాక్కోకుండా, ఊపిరి వదిలి కొలవాలి. పొట్ట బిగబట్టి తీసిన కొలతతో కొన్న కార్సెట్ ఎప్పటికీ సరిపోదు.

రొమ్ముల కింద పక్కటెముకల చుట్టూ ఒక కొలత. తర్వాత నడుము: ఒక పక్కకు వంగితే ముడత పడే చోటే అసలు నడుము, బొడ్డు కంటే కాస్త పైన ఉంటుంది. ప్యాంటు కట్టే చోటును నడుము అనుకోవడం అందరూ చేసే పొరపాటు. మూడోది తుంటి ఎముక పై అంచు చుట్టూ. నాలుగోది పొడవు: కుర్చీలో కూర్చుని, రొమ్ము కింది నుంచి తొడ మడత దాకా. కార్సెట్ ముందు భాగం దీనికంటే కనీసం అంగుళం పొట్టిగా ఉండాలి. లేకపోతే కూర్చున్నప్పుడల్లా కింది అంచు తొడకు గుచ్చుకుని, పై అంచు రొమ్ములోకి ఎగదన్నుతుంది.

ఇంకో కొలత ఉంది, దుకాణాల వాళ్లు అడగరు. పక్కన చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూసుకోండి. పురుష హార్మోన్ టెస్టోస్టెరాన్ మీద ఎదిగిన ఒంట్లో పక్కటెముకల గూడు పెద్దది, ఈ ఖాళీ తక్కువగా ఉండొచ్చు. మూడు నాలుగు వేళ్లు పడితే కార్సెట్‌కు పని చేయడానికి చోటుంది. రెండు వేళ్లు కూడా పట్టకపోతే అది నొక్కేది ఎముకనే. అప్పుడు అంగుళం, అంగుళంన్నర తగ్గింపుతో తృప్తిపడి మిగతాది ప్యాడ్లకు వదిలేయాలి.

సైజు ఎంచుకోవడం

కార్సెట్ మీద వేసే సైజు, వెనక పూర్తిగా మూసినప్పటి నడుము కొలత. కానీ పూర్తిగా మూయకూడదు. వెనక లేసు దగ్గర పైనుంచి కింది దాకా సమానంగా రెండంగుళాల ఖాళీ ఉండాలి, వెన్నుపూస మీద స్టీలు ఆనకుండా. పక్కటెముకల దగ్గర 36, నడుము 34, తుంటి పై అంచు 36 ఉన్నవాళ్లు మూసినప్పుడు పైన 34, నడుము 30, కింద 34 ఉండేది చూసుకోవాలి. రెండంగుళాల ఖాళీతో అది 36, 32, 36 అవుతుంది. మొదటి కార్సెట్‌కు ఈ రెండంగుళాల తగ్గింపు చాలు. అలవాటయ్యాక ఖాళీని అంగుళానికి తెచ్చుకుంటే మూడు.

నడుము సైజు ఒక్కటే చూసి కొనడం వల్లే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది. స్త్రీల కొలతలకు కుట్టిన రెడీమేడ్ కార్సెట్‌లో నడుము సరిపోయినా పైభాగం పక్కటెముకలకు బిగుతై, కింద తుంటి దగ్గర గుడ్డ ఖాళీగా ముడతలు పడుతుంది. అమ్మేవాళ్లను మూడు కొలతలూ అడగండి. చెప్పలేకపోతే అక్కడ కొనకండి.

నాణ్యతకు చిన్న పరీక్ష: అయస్కాంతం తీసుకెళ్లండి. పట్టీల మీద అంటుకుంటే స్టీలు, జారిపోతే ప్లాస్టిక్కు. ప్లాస్టిక్కు పట్టీ ఒంటి వేడికి వంగి, ఆ వంపులోనే ఉండిపోయి, పక్కల్లో గుచ్చుతుంది. పక్కలకు స్ప్రింగులా వంగే స్టీలు, వెనక లేసు కన్నాల రెండు వైపులా చదునైన స్టీలు ఉండాలి. నడుము దగ్గర లోపల అడ్డంగా గట్టి టేపు కుట్టి ఉండాలి. అది లేకపోతే లాగిన బలమంతా గుడ్డ కుట్ల మీద పడి చినుగుతుంది. గుడ్డ దట్టమైన నూలుది కావాలి. లేటెక్సు రబ్బరుతో వచ్చే నడుము పట్టీలు (వెయిస్ట్ ట్రైనర్లు) మన ఎండలకు అస్సలు వద్దు. చెమట బయటికి పోదు, చర్మం ఎర్రబడుతుంది.

వేసుకునే పద్ధతి

1. లోపల కుట్లు లేని నూలు బనియన్ వేసుకోండి. కార్సెట్ ఎప్పుడూ నేరుగా ఒంటి మీద వద్దు.
2. వెనక లేసు ఆరేడు అంగుళాల ఖాళీ వచ్చేదాకా వదులు చేయండి. లేసు బిగువుగా ఉండగా ముందు కొక్కేలు పెట్టబోతే ముందు స్టీలు పట్టీ వంగిపోతుంది. కార్సెట్ పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే.
3. పై నుంచి రెండో కొక్కెం ముందు పెట్టి, తర్వాత మిగతావి. నడుము టేపు సరిగ్గా మీ నడుము ముడత మీద ఉందో లేదో చూసుకోండి.
4. పై నుంచి నడుము దాకా లేసు వరసలు ఒక్కొక్కటి లాగుతూ రండి, తర్వాత కింది నుంచి నడుము దాకా. వదులంతా నడుము దగ్గరున్న రెండు ఉచ్చుల్లోకి చేరుతుంది. అప్పుడు ఆ రెండూ పట్టుకుని నిదానంగా లాగండి. ఒంటరిగా చేస్తే ఉచ్చులను తలుపు పిడికి తగిలించి లాగేవాళ్లున్నారు, వద్దు. బిగువు మీ చేతికి తెలియాలి. అక్కనో స్నేహితురాలినో సాయం అడిగినా, ఎక్కడ ఆపాలో మీరే చెప్పాలి.
5. ముడి వేసి, మిగిలిన లేసును కింది అంచు లోపలికి దోపండి. నడుము చుట్టూ తిప్పి కడితే ఆ గీత జాకెట్టు పైనుంచి కనిపిస్తుంది, గుడ్డ కూడా కోసుకుపోతుంది.
6. ఐదు నిమిషాలు ఆగి, కూర్చుని చూడండి. పై అంచు కింద, కింది అంచు కింద రెండేసి వేళ్లు దూరాలి. ఒక పెద్ద వాక్యం మధ్యలో ఊపిరి తీసుకోకుండా చెప్పగలగాలి. చెప్పలేకపోతే అంగుళం వదలండి.

విప్పేటప్పుడు ముందు లేసు వదులు చేసి, ఆ తర్వాతే కొక్కేలు తీయాలి. ఒక్కసారిగా విప్పి లేచి నిలబడితే కొందరికి కళ్లు తిరుగుతాయి, మంచం అంచున కూర్చుని విప్పడం మేలు.

మొదటి రెండు వారాలు రోజుకు రెండు గంటలు మించొద్దు. తగ్గింపు రెండంగుళాలు దాటొద్దు. కార్సెట్ గుడ్డ, స్టీలు మీ ఒంటికి అమరేది ఈ సమయంలోనే. తర్వాత రెండు మూడు రోజులకోసారి అరగంట పెంచుకోవచ్చు. మా ఉద్దేశంలో మామూలు రోజుల్లో ఆరు గంటలు చాలు, వారంలో ఒకటి రెండు రోజులు పూర్తిగా విడుపు ఇవ్వాలి. అది వేసుకుని నిద్రపోవద్దు, వ్యాయామం చేయొద్దు.

వెనక ఖాళీ ఏం చెబుతుంది

ఫోన్‌తో వీపు ఫొటో తీసుకుని లేసు దగ్గరి ఖాళీని చూడండి. పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటే పక్కటెముకలకు చోటు చాలట్లేదు. ట్రాన్స్ మహిళల్లో ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. దీనికి పరిష్కారం లేసు ఇంకా లాగడం కాదు, పైభాగం వెడల్పున్న వేరే నమూనా. కింద వెడల్పుగా ఉంటే తుంటికి చోటు చాలట్లేదు. పైనా కిందా సన్నగా, నడుము దగ్గర మాత్రం వెడల్పుగా ఉబ్బితే, నడుము సైజు మరీ చిన్నది లేదా తొందరపడి బిగించారు. అలాగే వాడితే వెనక స్టీలు శాశ్వతంగా వంగిపోతుంది. నడుము దగ్గర మూసుకుపోయి పైనా కిందా తెరుచుకుంటే రెండు అంచులూ మీకు చిన్నవి.

వెంటనే విప్పాల్సిన సూచనలు

తొడ బయటి వైపు మొద్దుబారడం, సూదులు గుచ్చినట్టు మంట. తుంటి ఎముక ముందు అంచు దగ్గర తొడ చర్మానికి వెళ్లే నరం నలిగితే ఇలా అవుతుంది. విప్పగానే తగ్గితే కింది అంచు మీకు పొడవు. ఒకట్రెండు రోజులైనా తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పుల్లటి త్రేన్పులు వస్తే పొట్ట మీద ఒత్తిడి ఎక్కువైనట్టు. తినే ముందు వదులు చేయడం, తిన్నాక గంటన్నర ఆగడం అలవాటు చేసుకోండి. ఆకలి చచ్చిపోవడాన్ని లాభంగా లెక్కేసేవాళ్లున్నారు. ఇది చాలా చెడ్డ లెక్క. హార్మోన్ల మీద ఉన్న ఒంటికి తుంటి దగ్గర చేర్చుకోవడానికి కొవ్వు కావాలి, అది తిండి నుంచే రావాలి.

స్త్రీ హార్మోన్ ఈస్ట్రోజన్ వాడేవాళ్లకు రక్తం గడ్డకట్టే ముప్పు కొంత ఎక్కువ. బిగుతు బట్టలో గంటల తరబడి కదలకుండా కూర్చోవడం దానికి తోడవుతుంది. హైదరాబాద్ నుంచి విశాఖకు రాత్రి బస్సులాంటి ప్రయాణాల్లో కార్సెట్ సంచిలో ఉండాలి, ఒంటి మీద కాదు. ఒక్క పిక్కలోనే వాపు, నొప్పి వచ్చినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా ఇంట్లో ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి. వాడుతున్న మందుల పేర్లు అక్కడ దాచకుండా చెప్పండి.

టెస్టోస్టెరాన్‌ను అడ్డుకోవడానికి స్పైరోనోలాక్టోన్ అనే మందు వాడేవాళ్లకు ఇంకో జాగ్రత్త. ఆ మందు మూత్రం ఎక్కువ తెప్పిస్తుంది, బీపీ తగ్గిస్తుంది, ఒంట్లో పొటాషియం నిలిచేలా చేస్తుంది. మే నెల ఎండలో, బిగుతైన కార్సెట్‌తో, నీళ్లు సరిగ్గా తాగకుండా నిలబడితే సొమ్మసిల్లి పడిపోవచ్చు. బాత్రూముకు వెళ్లాల్సి వస్తుందని నీళ్లు మానేయడం మరీ ప్రమాదం. దాహానికి మంచినీళ్లు తాగండి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, కాబట్టి ఈ మందు మీద ఉన్నవాళ్లు వాటిని అదే పనిగా తాగకూడదు.

టకింగ్ (జననాంగాలు ఉబ్బుగా కనబడకుండా వెనక్కి సర్ది కట్టడం) చేసేవాళ్లు గుర్తుంచుకోండి: కార్సెట్ పొట్టలోని ఒత్తిడిని కిందికి నెడుతుంది. గజ్జల్లో నొప్పి, ఉబ్బు కనిపిస్తే రెండూ ఆపేసి చూపించుకోవాలి. ఏ సర్జరీ తర్వాతైనా సర్జన్ సరే అనేదాకా కార్సెట్ జోలికి వెళ్లొద్దు. ఆస్పత్రిలో పొట్టకు కట్టే పట్టీ వేరు, ఇది వేరు.

తుంటి ప్యాడ్ల తయారీ

సోఫాలు కుట్టేవాళ్ల దగ్గర దొరికే అంగుళం మందం ఫోమ్ తెచ్చుకోండి. 32 డెన్సిటీ సరిపోతుంది. మరీ పలచటి స్పాంజి లెగ్గింగ్ ఒత్తిడికే అణిగిపోతుంది.

పాత పేపరు మీద నమూనా గీయండి: పొడవు 11 నుంచి 12 అంగుళాలు, మధ్యలో వెడల్పు 7 నుంచి 8. పై చివర గుండ్రంగా, కింది చివర కోసుగా, మామిడికాయ ఆకారం. పేపరు ఒంటికి ఆనించి చూసుకోండి. పై అంచు తుంటి ఎముకకు కాస్త కింద మొదలవ్వాలి. అన్నిటికంటే ఎత్తైన చోటు తొడ ఎముక పక్కకు పొడుచుకొచ్చే చోట రావాలి. తొడ అటూ ఇటూ తిప్పితే అరచేతికి ఆ ఎముక తగులుతుంది. ప్యాడును నడుము దగ్గరగా పెడితే పక్కకు సంచులు తగిలించినట్టు ఉంటుంది. తొలిసారి చేసేవాళ్లు దాదాపు అందరూ మరీ పైనే పెడతారు.

కోయడం కంటే అంచులు చెక్కడంలోనే అసలు పనుంది. చుట్టూ రెండంగుళాల మేర, కత్తెరను పడుకోబెట్టి కొద్దికొద్దిగా కత్తిరిస్తూ, అంచు కాగితమంత పలచన అయ్యేదాకా వాలు తీయాలి. వేలితో తడిమితే ఎక్కడా మెట్టు తగలకూడదు. రెండు ప్యాడ్లూ ఒకదానిమీద ఒకటి పెట్టి సరిచూసుకోండి. పైన పలచటి నూలు గుడ్డ కుడితే చెమటకు ఉతుక్కోవచ్చు.

వేసుకునే వరస ముఖ్యం: ముందు కార్సెట్, ఆ పైన ప్యాడ్లు, వాటిమీద బిగుతైన లెగ్గింగ్ ఒకటి, అవసరమైతే రెండు. లెగ్గింగ్ నడుము పట్టీ కార్సెట్ కింది అంచును కప్పుతూ రావాలి. అంచు గీత కనబడదు. అంతకంటే పెద్ద లాభం, బాత్రూముకు వెళ్లినప్పుడు కార్సెట్ విప్పక్కర్లేదు. ప్యాడ్లు పక్కకు సరిగ్గా మధ్యలో కాకుండా అర అంగుళం వెనక్కి ఉంటే కూర్చున్నప్పుడు ముందుకు మడత పడవు.

చీర, చుడీదార్

చీరతో పెద్ద చిక్కు జాకెట్టుకూ కుచ్చిళ్లకూ మధ్య ఖాళీ. కార్సెట్ సరిగ్గా అక్కడే ఉంటుంది. దీనికి రెండు దారులు. జాకెట్టును నడుము కిందిదాకా, చీర దోపే చోటు దాటేంత పొడవుగా కుట్టించుకోవడం ఒకటి. పక్కన జిప్పు పెట్టించి, కార్సెట్ వేసుకునే కొలతలు ఇవ్వాలి. లేదంటే కార్సెట్ పైన జాకెట్టు గుడ్డతోనే తొడుగు కుట్టించుకుంటే రెండూ ఒకే బట్టలా కనిపిస్తాయి. పైటను ఎడమ పక్కన నడుము దగ్గర పిన్నుతో బిగిస్తే ఆ పక్కా కప్పుకుంటుంది.

లంగా బొందును కార్సెట్ కింది అంచు మీద బిగించి కట్టొద్దు, రెండు ఒత్తిళ్లు ఒకే గీత మీద పడతాయి. బొందు బదులు వెడల్పు బెల్టు ఉన్న లంగా మేలు. ఏళ్ల తరబడి బిగువు బొందు ఒరిసి మానని పుండై, అది క్యాన్సర్‌గా మారిన కేసులను మహారాష్ట్ర, బిహార్ డాక్టర్లు 2024లో వైద్య పత్రికలో నమోదు చేశారు. నడుము మీద నల్లగా, గరుకుగా మారిన గీతను తేలిగ్గా తీసుకోవద్దు.

గంజి పెట్టిన మంగళగిరి నూలు చీర తనంతట తానే తుంటి దగ్గర నిలబడుతుంది, ప్యాడ్లు చిన్నవైనా చాలు. జార్జెట్, షిఫాన్ ఒంటికి అతుక్కుని ప్యాడ్ అంచును పట్టిస్తాయి. కుచ్చులెక్కువున్న లంగా ఓణీకి ప్యాడ్లే అక్కర్లేదు. చుడీదార్‌లో నడుము దగ్గర పట్టి, కింద గొడుగులా విచ్చుకునే టాప్ ఎంచుకోండి. భుజాలు వెడల్పుగా ఉన్నాయని బాధపడేవాళ్లు బుట్ట చేతులు మాని, మెడ కాస్త లోతుగా పెట్టించుకుంటే చూపు మధ్యకు వస్తుంది.

శుభ్రం

లోపలి బనియన్ ప్రతిసారీ ఉతకాలి. కార్సెట్‌ను వాషింగ్ మెషీన్‌లో వేయొద్దు, నానబెట్టొద్దు, స్టీలు తుప్పు పడుతుంది. విప్పగానే లోపలివైపు పైకి తిప్పి, ఫ్యాన్ గాలికి, నీడలో ఒక రోజు ఆరనివ్వండి. వారానికి నాలుగైదు సార్లు వాడేవాళ్లకు రెండు కార్సెట్లు కావాలి. నడుము దగ్గర చెమటకాయలు, దురదతో గుండ్రటి మచ్చలు వస్తే తగ్గేదాకా వేసుకోవద్దు. తామరకు మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన క్రీములు రాస్తే అది ముదురుతుంది.

హార్మోన్లు మొదలయ్యాక

ఒంట్లో కొవ్వు కొత్త చోట్లకు చేరడం సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల్లో మొదలై, పూర్తవడానికి రెండు నుంచి ఐదేళ్లు పడుతుంది. కార్సెట్ దాన్ని వేగం చేయదు, ఆపదు. రొమ్ములు మొలకెత్తే నెలల్లో చనుమొన కింద గట్టి గడ్డలా ఉండి, తగిలితే నొప్పి పెడుతుంది. ఆ సమయంలో పై అంచు రొమ్ముకు రెండు వేళ్ల కిందనే ఆగే పొట్టి కార్సెట్ వాడండి. కార్సెట్ వెన్నును మోస్తుంటే పొట్ట కండరాలు బద్ధకించొచ్చు. కాబట్టి విప్పి ఉన్న రోజుల్లో ప్లాంక్, పిరుదులకు స్క్వాట్లు, బ్రిడ్జిలు చేయాలి. పిరుదుల కండ పెరిగితే ఆ మేరకు ప్యాడు మందం తగ్గించుకోవచ్చు.

ట్రాన్స్ పురుషులకు కార్సెట్ పనికిరాదు, నడుమును ఇంకా సన్నగా చూపిస్తుంది. ఛాతీ చదునుగా కనిపించడానికి వాళ్లు వాడే బిగుతు బట్ట, బైండర్‌కూ హద్దులున్నాయి: ఎనిమిది గంటలు మించకుండా, నిద్రలో తీసేసి, క్రేప్ బ్యాండేజీ, ప్యాకింగ్ టేపు అస్సలు చుట్టకుండా వాడాలి. అవి ఊపిరితో పాటు సాగకపోగా ఇంకా బిగుసుకుని పక్కటెముకలను దెబ్బతీస్తాయి.

కార్సెట్ లేకుండా పాలప్యాకెట్టుకు కూడా గడప దాటలేని స్థితి వచ్చిందంటే, గంటలు తగ్గించాల్సిన సమయం వచ్చినట్టే. వారంలో ఒకరోజు వదులు కుర్తాతో, ప్యాడ్లు మాత్రమే పెట్టుకుని బయటికి వెళ్లి రండి. అదీ కష్టమైతే ట్రాన్స్ మనుషులతో పనిచేసిన కౌన్సిలర్‌తో మాట్లాడండి. ఒంటి మీద ఇంత బాధ మోస్తూ గంటకు గంట బిగువు పెంచుకుంటూ పోవడం ఎవరికీ మంచిది కాదు.

నెలకోసారి, అదే తేదీన, అవే చోట్ల కొలతలు తీసి రాసుకోండి. ఏడాది, రెండేళ్ల తర్వాత వెనక ఖాళీ కింద వెడల్పు అవుతూ వస్తే తుంటి పెరుగుతోందన్నమాట. పాత కార్సెట్‌ను అదే కొలతకు లాగకండి. కింది భాగం రెండంగుళాలు ఎక్కువున్నది కొత్తగా తీసుకుని, ప్యాడ్ల మందాన్ని అంగుళం నుంచి అర అంగుళానికి చెక్కుకోండి.